అయిదు కర్రలు, ఒక గవిసెన

పేరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. తాళ్లబయలు మఠంలో గుమ్మడికాయలు తరుగుతూ జీవాత్మను గురించి తెలుసుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉన్నారంటారు. ఏమీ తెలుసుకోకుండా గుమ్మడికాయలు మాత్రం తరిగి వెళ్లినవాళ్లు ఎందరో ఎవరూ చెప్పరు.

మార్కండేయులు ఆ మఠానికి వచ్చి ఏడాది దాటింది. నలభై ఏళ్లవాడు, పట్నంలో సంగీతం చెప్పుకుని బతికినవాడు. వచ్చిన మొదటి నెలలోనే తంబూరను అటక ఎక్కించాడు. రెండో నెలలో పుస్తకాలు కట్టకట్టి ఎవరికో ఇచ్చేశాడు. అన్నగారి ఉత్తరాలకు జవాబు రాయడం మానేశాడు, ఆ తర్వాత వాటిని విప్పడం కూడా మానేశాడు. చివరికి నలభై ఒక్క రోజులు మౌనం పట్టాడు. మౌనం విడిచిన పొద్దున గురువుగారి ముందు కూర్చుని, ఇన్నాళ్లూ సిగ్గుపడి దాచుకున్న మాటను బయటపెట్టాడు.

"గురువుగారూ, నోరు మూశాను గానీ లోపల సంత సాగుతూనే ఉంది. ఉన్నవన్నీ ఒక్కొక్కటే వదిలేశాను. ఇంకా ఏం వదిలితే ఈ గోల ఆగుతుంది?"

పేరయ్యగారు మోదుగాకుల విస్తరి కుడుతున్నారు. పుల్ల గుచ్చడం ఆపకుండానే, "గూడెం వేటగాడు సింగన్నకు కర్రలు మోసే మనిషి కావాలట. మధ్యాహ్నం వెళ్లు," అన్నారు.

"వేటకా?" అన్నాడు మార్కండేయులు, చెవులను నమ్మలేక.

"నిన్ను చంపమనలేదు నాయనా. మోయమన్నాను."

కొండ కింద పద్నాలుగు ఇళ్ల గూడెం ఉంది. ఆ ఏడు వాళ్ల జొన్న బాగా పండింది, కంకులు పాలు పోసుకున్నాయి. అప్పుడే ఒక ఒంటి అడవిపంది చేలమీద పడింది. కాపలాకు వెళ్లిన సింగన్న బావమరిదిని తొడమీద చీల్చేసింది. అతన్ని ఎడ్లబండి మీద పట్నం ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు నుంచి చేలోకి దిగే సాహసం ఎవరూ చేయలేదు. ఇంకో వారం ఇలాగే జరిగితే గింజ ఉండదు, చొప్ప మిగులుతుంది. పద్నాలుగు ఇళ్లవాళ్లు ఏడాది పొడుగునా చొప్ప తిని బతకలేరు కదా.

గూడెంలో తుపాకీ ఉన్నది సింగన్న ఒక్కడికే. అతని పద్ధతి కూడా వేరు. మంచె కట్టడు. కొమ్మలు నరికిన పచ్చివాసన తగిలితే పంది ఆ దరిదాపులకే రాదని అతని లెక్క. ఏ రోజుకారోజు జాడ చూసుకుని, దానికి దగ్గరగా ఉన్న చెట్టే ఎక్కుతాడు. అందుకు మూరన్నర పొడవున అయిదు కర్రలు చేయించుకున్నాడు. ప్రతి కర్రకూ పాదం ఆనేందుకు రెండు మొద్దు మేకులు, చెట్టుకు బిగించేందుకు ఒక తాడు. మొదటి కర్ర మాను మొదట్లో కట్టి, దానిమీద నిలబడి రెండోది పైన కడతాడు, దానిమీద నిలబడి మూడోది. అలా పైకి చేరాక నడుముకున్న తోలుపట్టాకు తాడు తగిలించి, ఆ తాడును మాను చుట్టూ తిప్పి, వెనక్కి వాలి కూర్చుంటాడు. ఆ పట్టాను జీను అంటాడు. గుర్రానికి వేసేదాన్ని చెట్టుకు వేసినవాడు వీడొక్కడేనని గూడెం ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆ సంవత్సరం మాత్రం ఎవరూ నవ్వలేదు.

మొదటి రోజు మార్కండేయులు అయిదు కర్రలనూ ఒక తాటితో కలిపి కట్టి భుజాన వేసుకున్నాడు. పది అడుగులు వేశాడో లేదో అవి టకటకమనడం మొదలుపెట్టాయి. పైకి పొడుచుకొచ్చిన కర్ర తీగలో చిక్కుకుంది, లాగితే వెనక్కి తన్ని సింగన్న వీపున తగిలింది. సింగన్న తిరిగి ఒక చూపు చూసి నడక సాగించాడు. వాగు దాటుతుండగా అవతలి పొదలో గుర్రుమని ఒక్క చప్పుడు, ఆ వెంటనే బరువుగా పరుగు. ఆ రోజుకు వేట అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు సింగన్న అన్నాడు: "మా బావమరిది మోస్తాంటే వెనకాల మనిషి ఉండాడని కూడా తెలిసేది కాదు సామీ. వాడెట్ల కట్టేటోడో నేనెప్పుడూ చూళ్లేదు. ముందర నడిచేటోణ్ణి గదా."

మార్కండేయులుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆలోచించి ఆలోచించి తనకు బాగా అలవాటైన ఉపాయమే పట్టుకున్నాడు. మర్నాడు అడవిలో అడుగు పెట్టగానే, సింగన్న చూడకుండా రెండు కర్రలను ఒక పొద కింద దాచేశాడు. మిగిలిన మూడింటిలో ఒకటి కుడిచేత, ఒకటి ఎడమచేత, ఒకటి చంకలో. ఒకదానికొకటి తగిలే వీలే లేదు. ఆకు కదలకుండా చెట్టు దగ్గరికి చేరారు. మార్కండేయులు ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా.

సింగన్న మూడు కర్రలు కట్టి, నాలుగోదాని కోసం కిందికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అప్పటికే వేళ మించిపోతోంది. చేసేదేమీ లేక ఉన్న ఎత్తులోనే జీను తగిలించుకుని, మార్కండేయులును పొమ్మని సైగ చేశాడు. రాతివిసురు దూరంలో ఉన్న బండ ఎక్కి మార్కండేయులు అంతా చూశాడు. పంది వచ్చింది. చేల గట్టు దాటకుండానే మూతి పైకెత్తింది. నిలువున్నర ఎత్తులో వేలాడుతున్న మనిషి వాసన దానికి తేటతెల్లంగా అందింది. అది పారిపోలేదు. తలవంచి నేరుగా వచ్చి మానును గుద్దింది. దాని కోర సింగన్న మడమకు జానెడు కింద బెరడును ఒలిచేసింది. సరిగ్గా కాళ్లకింద ఉన్నదాన్ని ఊగుతున్న చెట్టుమీద నుంచి ఎవడు గురిపెట్టగలడు? రెండోసారి గుద్ది, విసుక్కున్నట్టు ముక్కు చీది, అది తన దారిన పోయింది.

సింగన్న కర్రలు విప్పుకుంటూ కిందికి దిగాడు. మార్కండేయులు బండ దిగి పరుగున వచ్చాడు.

"సామీ, రెండు కర్రలు యాడ బోయినాయి?"

"చప్పుడు తగ్గుతుందని వదిలేశాను."

"చప్పుడు తగ్గింది," అన్నాడు సింగన్న. "చెట్టు గూడా పొట్టిదై పాయె."

మళ్లీ తనే చెప్పాడు. పంది ఇప్పుడు మనిషి సంగతి పసిగట్టింది. రేపు ఇంకొక్కసారి బెదిరిందంటే ఇక వెలుగుండగా రాదు, చీకట్లో వస్తుంది. చీకట్లో దాన్ని తనే కాదు, ఎవరూ కొట్టలేరు. మిగిలింది రేపొక్కరోజే. అంతా నిదానంగా చెప్పాడు గానీ, మార్కండేయులు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఒక మనిషి ప్రాణాన్ని జానెడు దూరందాకా తెచ్చిపెట్టాడు తను.

మూడోనాడు పొద్దున మఠం వసారా మెట్టు మీద అయిదు కర్రలూ ముందేసుకుని కూర్చున్నాడు. వెనకనుంచి "ఏం సామీ, ఎద్దును పోగొట్టుకున్నోడి మాదిరి కూసున్నావే?" అని వినబడి ఉలిక్కిపడ్డాడు. గాజుల నాంచారమ్మ. ఊరూరా తిరిగి గాజులు అమ్మే మనిషి, దారిలో మఠం దగ్గర ఆగి మంచినీళ్లు తాగి వెళుతుంది. భుజాన ఉన్న మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల మోపు, దింపి, తాడు కాస్త వదులు చేసింది. అంతే, వందల గాజులు ఒక్కసారిగా గలగలమన్నాయి.

మార్కండేయులు ఆ మలారం వంక చూశాడు, ఆమె నడిచి వచ్చిన రాళ్లబాట వంక చూశాడు.

"అమ్మా, ఇన్ని గాజులతో నువ్వు నా వెనక్కి వచ్చేదాకా నాకు వినపళ్లేదేం?"

"దోవలో వాటికేం పని సామీ మోగడానికి? గడపలో దించినాక మోగితే సాలు. దోవ పొడుగునా మోగితే ఇల్లు చేరేతలికి ముక్కలే మిగుల్తాయి."

అతను కర్రల సంగతి చెప్పాడు. నాంచారమ్మ నీళ్లచెంబు పక్కన పెట్టి, కొంగు బిగించి కూర్చుంది. తన మలారం విప్పి చూపించింది. ఒక్కో వరస తాటికి ఎలా బిగిసి ఉందో, వరసకూ వరసకూ మధ్య పాతగుడ్డ ఎలా దూర్చిందో చూపించింది. ముందు అమ్ముడుపోయేవి అన్నిటికంటే పైన ఉంటాయి. బరువంతా ఒంటికి హత్తుకుని ఉంటుంది, ఎక్కడా ఊగదు.

"కదిలే సందు ఇయ్యగూడదు. సందు దొరికితే పక్కపక్కనున్నవి కొట్టుకుంటాయి. మెత్తటి గుడ్డ ఉండాదా నీకాడ? మందంగా ఉండల్ల."

మార్కండేయులు దగ్గర ఉన్నవి రెండు పలచటి పంచెలు. అవి చాలవు. లేచి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. తంబూర ఏడాది దుమ్ములో పడి ఉంది. దానికి తొడిగిన గవిసెన దూది పెట్టి కుట్టింది, కుంకుమరంగు ముఖమల్ బట్ట. తన మొదటి కచేరీకి అన్నగారు దగ్గర కూర్చుని కుట్టించి ఇచ్చారు. దాన్ని చేత్తో తడిమినప్పుడు మార్కండేయులుకు కళ్లు చెమర్చాయి. వెంటనే తుడుచుకుని, గవిసెన ఊడదీసి, తంబూరను గోడకు ఆనించి దిగాడు.

అప్పుడు మొదలైంది పని. గవిసెన కుట్లు విప్పి పరిచారు. ఏ కర్ర తాడు ఆ కర్రకే చుట్టి కొస లోపలికి దోపారు. అయిదో కర్ర ముందు పెట్టి, మేకులు లోపలివైపు తిప్పి, బట్ట ఒక మడత వేసి నాలుగోది, మళ్లీ మడత, మూడోది. మొదట కావలసింది అన్నిటికంటే చివర, పైన. రెండుచోట్ల బిగించి, తలకంటే పైకి రాకుండా వీపుకు కట్టుకున్నాక నాంచారమ్మ "ఎగురు" అంది.

"ఏమిటీ?"

"ఎగురు సామీ. సందు ఉండాదో లేదో యెట్ల తెలుస్తాది?"

వేదాంతం చదువుకున్న నలభై ఏళ్ల మనిషి మఠం ముంగిట్లో గాజులమ్మే ఆమె ఎదుట గంతులేశాడు. టక్కున ఒక్క చప్పుడు. "విప్పు," అంది ఆమె. విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ఎగిరాడు. నాలుగోసారికి ఏ చప్పుడూ రాలేదు. వసారాలో పేరయ్యగారు విస్తళ్లు కుడుతూనే ఉన్నారు. తల ఎత్తి చూసిన దాఖలా లేదు.

ఆ సాయంత్రపు నడకను గురించి సింగన్న గూడెంలో చాలా ఏళ్లు చెప్పాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడట, సామి ఉన్నాడా, భయపడి తిరిగి వెళ్లిపోయాడా అని. వాగులో రాళ్ల మీదుగా దాటారు. ముళ్లకొమ్మల కింద వంగి నడిచారు. బాటపక్కన ఆకులు కెలుకుతున్న కౌజుపిట్టలు వాళ్లు దాటిపోయేదాకా కెలుకుతూనే ఉన్నాయి. మార్కండేయులు ఒక్కో అడుగే వేస్తూ, వీపుమీద అయిదింటి బరువూ తెలుస్తూ నడిచాడు. తన లోపల సంత సాగుతోందా లేదా అని చూసుకోవడం ఆ నడకలో అతనికి గుర్తే రాలేదు.

చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని మూటను ఒక్క మడత విప్పాడు, మొదటి కర్ర చేతికి వచ్చింది. ఇంకో మడతకు రెండోది. ఒకదాని వెనక ఒకటి సింగన్న చేతికి అందాయి, ఆ తర్వాత అతను వదిలిన తాటికి కడితే పైకి వెళ్లాయి. అయిదోది కట్టి, దానిమీద కాలు పెట్టి సింగన్న జీనులో వాలేసరికి, కిందనుంచి చూస్తే మనిషెక్కడో కొమ్మెక్కడో తెలియలేదు. మార్కండేయులు బండ మీదికి చేరాడు.

పంది గట్టు మీదికి వచ్చింది. మూతి పైకెత్తి అటూ ఇటూ వాసన చూసింది. ఈసారి గాలి మనిషి వాసనను దాని తలమీదుగా దాటించి తీసుకుపోయింది. నిమ్మళంగా చేలోకి దిగి, పక్కకు తిరిగి, ఒక కంకిని విరిచింది. ఒక్క తుపాకీ చప్పుడుకు కొండంతా మారుమోగింది. పంది నాలుగు అడుగులు పరిగెత్తి ఒరిగిపోయింది, మళ్లీ లేవలేదు.

డప్పులతో గూడెం గూడెమంతా కదిలి వచ్చింది. వారం రోజులుగా చేలో అడుగు పెట్టని ఆడవాళ్లు పరుగున దిగి కంకులు చేతుల్లోకి తీసుకుని చూసుకున్నారు. సగానికి పైగా నిలబడే ఉంది చేను. ఎవరో మార్కండేయులును భుజాల మీదికి ఎత్తుకున్నారు. దించమని మొత్తుకుంటూనే అతను పగలబడి నవ్వాడు. ఏడాదిలో అతను అలా నవ్వడం అదే మొదలు. మాంసం ముట్టడని తెలిసి, లేతకంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం ఒక చేట నిండా పోసి, డప్పులు కొట్టుకుంటూ మఠందాకా దిగబెట్టి వెళ్లారు.

పేరయ్యగారు దీపం దగ్గర కూర్చుని ఉన్నారు. మార్కండేయులు చేట ఆయన ముందు పెట్టి, పల్లేరుకాయలు అంటుకుని బురదకొట్టుకున్న గవిసెనను పక్కన పెట్టి నమస్కరించాడు. ఆయన గుప్పెడు ఊచబియ్యం నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు.

"అయిదూ మోశావా?"

"అయిదూ మోశాను."

"చప్పుడు?"

"కాలేదు గురువుగారూ."

ఆయన గవిసెనను చేతిలోకి తీసుకుని ఒక పల్లేరుకాయ పీకి పారేశారు. తర్వాత అటక వైపు చూశారు.

"ఇది ఉతికి ఆరేసి మళ్లీ కుట్టేసరికి రెండు రోజులు పడుతుంది. అందాకా ఆ తంబూర ఊరికే దుమ్ములో ఉండటమెందుకు? కిందికి దించు," అన్నారు.