గుర్రప్పిల్లకు ఐదు ప్రశ్నలు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు ఏటిగడ్డ అనుకుందాం, గండరాయడు అనే రాజు ఉండేవాడు. ఆయన కొలువులో తీర్పు చెప్పడానికి అరఘడియ కూడా పట్టేది కాదట.

"చేశావా, లేదా?" ఇదొక్కటే ప్రశ్న. చేశానంటే శిక్ష. ఎందుకు చేశావని రెండో ప్రశ్న అడిగినవాడికి కొలువు నుంచి బహిష్కారమని శాసనం కూడా వేయించాడు. "పసివాడికైనా పండుముసలికైనా నా దగ్గర ఒకటే కొలత!" అని మీసం దువ్వేవాడు. అందరూ ఆహా అనేవారు. అనకుండా ఉండే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ కొలువులో బయ్యన అనే సాహిణి ఉండేవాడు. సాహిణి అంటే రాజుగారి గుర్రాలకు నడక నేర్పే పెద్ద. మాట పదును, మనసు మెత్తన. గుర్రాలకు పెట్టే ఉలవ గుగ్గిళ్లు రోజూ దోసెడు తగ్గుతున్నాయని ఒకనాడు అతనే భటులకు చెప్పాడు. ఏ పందికొక్కో తింటోంది అనుకున్నాడు పాపం. మర్నాడు భటులు పట్టుకొచ్చింది పోలి అనే పన్నెండేళ్ల పిల్లను.

ఆ పిల్లను కొలువులో చూడగానే, నా మాటే ఇంత పని చేసిందే అని బయ్యన నాలుక కరుచుకున్నాడు.

"గుగ్గిళ్లు తీశావా, లేదా?" అన్నాడు రాజు.

"తీసినాను దొరా."

"నుదుట దొంగ వాత వేయండి!"

ఆ వాత పడితే పోలికి బతికినన్నాళ్లూ ఎవరూ పని ఇవ్వరు, గడప తొక్కనివ్వరు. ఎందుకు తీశావమ్మా అన్న మాట బయ్యన నోటిదాకా వచ్చింది. అడిగితే తనను గెంటేస్తారు, వాత మాత్రం ఆగదు. ఆ మాట మింగేసి, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మహాప్రభూ! నిప్పులు ఎలాగూ రాజేశారు. ఇంకో దోషి కూడా ఉంది. తమరి చుక్కల గుర్రప్పిల్ల ఈ పొద్దున రౌతును కరిచి, కట్టుతాడు తెంపింది. కరిచిందా లేదా అంటే కరిచింది. దాని మొహాన కూడా ఓ వాత వేయిద్దాం."

రాజుకు గుర్రాలంటే ప్రాణం. ఒక్క ఉదుటున లేచాడు.

"నీకేమైనా మతిపోయిందా? దాని వయసెంత? పాలపళ్లు కూడా ఊడలేదే! తల్లి నుంచి ఎప్పుడు విడదీశారు? కడుపునిండా మేత వేశారా? కళ్లెం కోసుకుని నోట్లో పుండు పడిందేమో చూశావా? అసలు దాన్ని చూసుకోవలసినవాడు ఏం చేస్తున్నాడు?"

బయ్యన వేళ్లు మడుస్తూ విన్నాడు.

"నా మతి సంగతి వదిలేస్తే ఐదు ప్రశ్నలు, మహాప్రభూ! శాసనం ప్రకారం రెండోదానికే బహిష్కారం. ఇప్పుడు కొలువు విడిచి వెళ్లవలసింది ఎవరు?"

రాజు మొహం కందగడ్డ అయింది.

"అది నోరులేని జీవం రా!"

"నోరున్న పిల్లకు మాత్రం తమరి కొలువులో నోరెక్కడిది ప్రభూ? ఆ ఐదూ ఈ పిల్లను కూడా అడగండి. అడిగాక కూడా వాత వేయాలనిపిస్తే నేను కిక్కురుమనను."

రాజు గద్దె మెట్లు దిగి పోలి దగ్గరికొచ్చాడు. ఒక్కొక్కటే అడిగాడు.

వయసు పన్నెండు. తల్లి పోయి ఆరు నెలలు. తండ్రి కోటగోడ కడుతూ కాలి మీద రాయి పడి మంచం పట్టాడు. అలాంటివాళ్ల ఇంటికి గింజలు పంపాలని రాజాజ్ఞ ఉంది కాని, కోట అధికారి ఒక్క గింజా పంపలేదు.

"నువ్వు తిని ఎన్నాళ్లయింది?"

"తమ్ముడు, అయ్య తిన్నాక అడుగున మిగిలితే తింటాను దొరా."

పొగలు కక్కే గుగ్గిళ్లలో చెయ్యి పెట్టడంతో పోలి వేళ్లన్నీ బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ వేళ్లు చూసి రాజు సిగ్గుపడ్డాడు.

"మళ్లీ తీస్తావా?" అన్నాడు, ఈసారి మెల్లగా.

"ఆకలేస్తే తీస్తాను దొరా."

ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది తల్లీ అనుకున్నాడు బయ్యన. రాజు మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

"బయ్యనా, నా నోటితోనే నా శాసనాన్ని చింపించావు. ఈ పిల్లేమో నీకు తాతలా ఉంది!" అని తన శాలువా తీసి అతని భుజాన వేశాడు. వాత ఆపించాడు. "తప్పు తప్పే. నెల్లాళ్లు పొద్దున్నే గుర్రాలకు నీళ్లు పెట్టాలి. ఇంటిల్లిపాదికీ తిండి మా వంటశాల నుంచి వస్తుంది" అని పోలితో చెప్పాడు. పిల్లలెవరు దొరికినా ఆ ఐదూ అడగనిదే తీర్పు చెప్పకూడదని కొత్త శాసనం రాయించాడు. గింజలేమయ్యాయో వచ్చి చెప్పమని కోట అధికారికి అప్పుడే కబురు వెళ్లింది.

"మరి మళ్లీ తీస్తే ఏం చేయమంటారు ప్రభూ?" అన్నాడు బయ్యన.

"అప్పుడు ఆ పిల్లను కాదు, నన్ను తెచ్చి ఇక్కడ నిలబెట్టు" అన్నాడు గండరాయడు.