చుక్కి దాచిన జబ్బు

మిరపచేల మధ్య ఏసోబు ఇల్లు. కొట్టంలో ముసలెద్దు, పొయ్యి పక్కన పిల్లి, ఉయ్యాల కింద చుక్కి అనే ఆడకుక్క. ఉయ్యాల్లో ఏసోబు, మార్తమ్మల కూతురు కృప. చుక్కికి ఆ పాపంటే ప్రాణం.

ఎండలు ముదిరాయని ఏసోబు ఖాళీ పురుగుమందు డ్రమ్ము ఒకటి ఇంటికి తెచ్చాడు. సబ్బు పెట్టి, బూడిద పెట్టి తోమి, తాగే నీళ్ళు నింపి వాకిట్లో నిలబెట్టాడు. ఆ పల్లెలో అందరూ చేసే పనే. డ్రమ్ముకున్న కుళాయి కారుతుంటే కింద చిప్ప పెట్టారు. ఆ చిప్ప చుక్కిదైంది.

కొన్నాళ్ళకు చుక్కికి నోటివెంట చొంగ, కాళ్ళలో వణుకు, తిన్నది తిన్నట్టే బయటికి. అది పిల్లి చూసింది. ఉయ్యాల కింద చోటు మీద దానికి ఎప్పటినుంచో కన్ను.

"అయ్యో చెల్లీ! ఎవరి కంటా పడకు. జబ్బుకుక్కని ఇంట్లో ఉంచుకుంటారా? గోతంలో వేసి కాలవ అవతల వదిలేస్తారు. గడ్డివామి వెనక్కి పోయి పడుకో."

పాపకు దూరమవుతానన్న దిగులు చుక్కిని జబ్బుకన్నా ఎక్కువ ఏడిపించింది. వామి వెనక దాక్కుంది. దాహమేసినప్పుడు మాత్రం ఎవరూ చూడకుండా చిప్ప దగ్గరికి వచ్చేది. పిల్లి ఉయ్యాల కింద హాయిగా ఒళ్ళు విరుచుకుంది.

ముసలెద్దు ఊరుకోలేదు. "ఏమే పిల్లా, ఎందుకే దాక్కున్నావు?"

చుక్కి చెప్పింది.

"ఏం తాగుతున్నావే?"

"డ్రమ్ము నీళ్ళు తాతా."

"మరి ఇంట్లోవాళ్ళో?"

"అవే."

ఎద్దు నెమరు ఆపేసింది. "నేను కాలవలో తాగుతా. పిల్లి పాలు తాగుద్ది. మాకేం కాలేదు. నువ్వు చిన్న ప్రాణివి, రోజంతా ఆ నీళ్ళే. అందుకే ముందు నీకొచ్చింది. అమ్మగూడా తల తిరుగుతోందని కూలబడుతోంది, చూశావా? ఇయ్యాల్టినుంచి పాపకి జావ పోస్తారంట. ఏ నీళ్ళతో కాస్తారే?"

చుక్కి వాకిలి వైపు చూసింది. "కనబడితే నన్ను వదిలేస్తారేమో తాతా!"

"వదిలేస్తారేమో. కాదని చెప్పలేను తల్లీ."

చుక్కి లేచింది. తూలుతూ వాకిట్లోకి వచ్చేసరికి మార్తమ్మ జావకని గిన్నె కుళాయి కింద పెడుతోంది. చుక్కి అడ్డంగా దూరి, చిప్పలో నీళ్ళు తాగి, ఆమె కాళ్ళ దగ్గరే కక్కుకుని పడిపోయింది.

"దీనికి పిచ్చెక్కినట్టుంది! కర్ర తేవే!" అని అరిచాడు ఏసోబు. పిల్లి తీరిగ్గా మూతి తుడుచుకుంది. చుక్కి పారిపోలేదు. పడుకునే తోక ఊపింది.

"ఆగయ్యా, పిచ్చికుక్క తోక ఊపుద్దా? అది తాగింది మన నీళ్ళేగా!" మార్తమ్మ డ్రమ్ము మూత తీసింది. ఎండకు కాగిన నీళ్ళలోంచి మందు కంపు గుప్పుమంది. గిన్నె చేతిలోంచి జారిపోయింది. "కడిగితే పోద్దనుకున్నాం. నా చేత్తో నా బిడ్డకి ఇదే పోసేదాన్ని!"

ఏసోబు చుక్కిని భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. తిరిగొచ్చాక ఇంకెవరికీ పనికిరాకుండా గొడ్డలితో డ్రమ్ముకు తూట్లు పొడిచాడు.

కోలుకున్న చుక్కి ఉయ్యాల కిందికి వచ్చేసరికి పిల్లి అటకెక్కింది.

"నిన్ను వదిలేస్తారని చెప్పానే!" అంది ఉక్రోషంగా.

"చెప్పావక్కా. నేనూ నమ్మాను," అంది చుక్కి. "నమ్మే వచ్చాను."

నీతి: ఇంట్లో కుక్క జబ్బుపడితే దాని సంగతి ఒక్కటే చూసి ఊరుకోకండి, అది తాగే నీళ్ళు ఇంకెవరు తాగుతున్నారో చూడండి.