రెండో బ్రేకు

శిష్యుడు పూర్తి చేసిన కారుని తెచ్చి బల్ల మీద పెట్టగానే వరహాలు మేష్టారు కళ్ళజోడు సవరించుకుని ఒకే ఒక్క మాట అడుగుతారు: "బండి ఎవరిదోయ్?"

"నాదేనండి" అంటాం. ఇంకేం అంటాం? విడిభాగాల పెట్టె కొన్నది మేము, ముక్కలు అతికించింది మేము, రంగు వేసింది మేము. ఆయన "ఊఁ" అని ఊరుకుంటారు. తర్వాత కారుని అటూ ఇటూ తిప్పి, ఇక్కడ జిగురు ఎక్కువైంది, అక్కడ రంగు జారింది అని చెబుతారు. ఆ మొదటి ప్రశ్న ఎందుకు అడుగుతారో మాలో ఎవరికీ తెలియదు. పెద్దాయన చాదస్తం అనుకునేవాళ్ళం.

మేష్టారు కాకినాడలో ఒక బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఆదివారం పొద్దుటిపూట తమ మేడమీద గదిలో ప్లాస్టిక్ కార్లు కట్టడం, వాటికి రంగులు వేయడం నేర్పుతున్నారు. అవి ఆడుకునే కార్లు కావు. అసలు కారుని ఇరవైనాలుగో వంతుకి తగ్గించి, తలుపు పిడితో సహా దించే పని. మీసాలు నెరిసిన మేము వేలి కొసన నిలబడే టైరుని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చుంటే వీధిలోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. పొద్దస్తమానం పేకాడేవాళ్ళని చూసి మాత్రం ఎవరూ నవ్వరు.

మాలో ఉదయభాస్కర్ గట్టి పనివాడు. కరెంటాఫీసులో ఉద్యోగం, ఓపిక మెండు. హైదరాబాదులో ఏటా జరిగే పోటీకి రెండుసార్లు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు. ఈసారి మన ఊరి బండే చేస్తానని దయామణి గారి డ్రైవింగ్ స్కూలు కారుని ఎంచుకున్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఆ మీగడ రంగు ఫియట్ కారు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళు కారు నడపడమే వింతగా చూసే రోజుల్లో, ఆవిడ ఎడమ సీట్లో కూర్చుని సగం ఊరికి డ్రైవింగు నేర్పారు. బండి అమ్మేసి చాలా కాలమైంది. భాస్కర్ దూరం నుంచి తీసిన పాత ఫోటో ఒకటి ఎక్కడో సంపాదించి దాన్నిబట్టి పని మొదలుపెట్టాడు. విదేశీ విడిభాగాల పెట్టెలో స్టీరింగు ఎడమవైపు ఉంటే కోసి కుడివైపుకి మార్చాడు. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయని తెలుసుకుని, పారేసే ప్లాస్టిక్ పుల్లల్ని చెక్కి అవి కూడా పెట్టాడు. ఇంతవరకూ పద్ధతిగానే ఉంది. ఆ పైన అతనిలోని కళాకారుడు నిద్ర లేచాడు.

ఎల్ బోర్డు బండి అన్నాక సొట్టలుండవా? తలుపుని లోపలినుంచి పలచగా గీకి, కొవ్వొత్తి సెగకి మెత్తబరిచి, పెన్ను మూతతో నొక్కి ఎడమవైపున ఒక సొట్ట పెట్టాడు. ముందు మడ్‌గార్డుకి ఇంకొకటి. గోధుమరంగు సుద్దపొడితో అంచులకి తుప్పు పట్టించాడు. అబ్బ, ఏం తుప్పండీ అది! ముట్టుకుంటే వేలికి అంటుకుంటుందేమో అనిపించింది. "ఈసారి ప్రైజు నీ జేబులో ఉంది" అన్నాం అందరం. మనస్ఫూర్తిగానే అన్నాం, కాస్త కుళ్ళుకుంటూ కూడా అన్నాం.

ఆ ఆదివారం మేష్టారు మామూలుగానే అడిగారు. "బండి ఎవరిదోయ్?"

"నాదేనండి!" అన్నాడు భాస్కర్ ఛాతీ విరుచుకుని. అన్నాక అతనికే సిగ్గేసినట్టుంది. "మేష్టారూ, గర్వం పనికిరాదని చిన్నప్పట్నించీ వింటున్నాం. ఇంత కష్టపడి చేసిన పనిని చూసుకుని గర్వపడితే తప్పేంటండీ?" అని అడిగాడు.

మేష్టారు కారుని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి అతని చేతికిచ్చారు. "దయామణి గారు ఊళ్ళోనే, జగన్నాథపురంలో ఉంటున్నారు. ఒకసారి ఆవిడకి చూపించి రండర్రా" అని నన్ను కూడా తోడు పంపించారు.

దయామణి గారికి ఎనభై దాటాయి. నడుం మాత్రం ఇంకా వంగలేదు. వాకిట్లో కుర్చీలో కూర్చుని కారుని ఒళ్ళో పెట్టుకుని చూశారు. స్టీరింగు కుడివైపే ఉందని మెచ్చుకున్నారు. కారు పైనున్న స్కూలు బోర్డు చూసి, అక్షరాలు అచ్చం తన మరిది రాసినట్టే ఉన్నాయన్నారు. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "ఓరి నీ దుంపతెగ, నా బ్రేకు!" అని పకపకా నవ్వారు. చీర కుచ్చెళ్ళ కింద ఆవిడ కుడికాలు దానంతటదే నేలని ఒకసారి నొక్కింది. తర్వాత కారుని పక్కకి తిప్పారు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి బాబూ?"

"సొట్టండి. నేర్చుకునేవాళ్ళు ఎక్కడో అక్కడ గుద్దుతారు కదండీ. సహజంగా ఉంటుందని పెట్టాను."

"నా కాలి కింద బ్రేకు పెట్టావు కదా. మరి ఈ సొట్ట ఎలా పడింది?"

ఆవిడ కోప్పడితే మాకు తేలిగ్గా ఉండేది. కోప్పడలేదు. "ఆడది నేర్పితే బండి గోడకే పోతుందన్నారు బాబూ ఈ ఊళ్ళో. వణుక్కుంటూ వచ్చినవాళ్ళు, బ్రేకనుకుని ఏక్సిలేటరు తొక్కినవాళ్ళు, అందరూ ఎక్కారు. అమ్మేసిన రోజున కొనేవాడు చుట్టూ తిరిగి చూసి, ఒక్క గీతైనా లేదేంటండీ అన్నాడు" అని చెప్పి, కారుని తిరిగి అతని చేతిలో పెట్టారు. "పనితనం చాలా బాగుంది. మా బండి కాకపోతే ఇంకా మెచ్చుకుందును" అన్నారు. ఆ తర్వాత కాఫీ ఇచ్చారు. తాగి, తలొంచుకుని వచ్చేశాం.

మేడ మెట్లెక్కుతూనే భాస్కర్ మొదలుపెట్టాడు. "పోటీ దగ్గరికొచ్చేసిందండి. ఆ సొట్టలూ తుప్పూ తీసేస్తే దాంట్లో ప్రైజిచ్చేందుకు ఏముంటుంది? ఏం చెయ్యమంటారు మేష్టారూ?"

"లప్పం డబ్బా పై అరలో ఉంది. అక్కర్లేదనుకుంటే దించకు" అన్నారు మేష్టారు, తన పని చూసుకుంటూ.

భాస్కర్ బల్ల ముందు కూర్చుని ఆ సొట్టని వేలితో తడిమాడు. నాకు జాలేసింది. రెండుసార్లు ఓడిపోయి వచ్చిన మనిషి. జన్మలో అంత మంచి పని అంతకుముందు చేసి ఎరగడు. ఆఖరికి లేచి, స్టూలెక్కి డబ్బా దించాడు. సొట్టల్లో లప్పం నింపాడు, ఆరనిచ్చాడు, నీళ్ళు తడిపి రుద్దాడు. తుప్పంతా తుడిచేసి మళ్ళీ మీగడ రంగు పూత మీద పూత వేశాడు. చివరికి ఆ తలుపులో మన ముఖం చూసుకోవచ్చు.

హైదరాబాదుకి నేనూ వెళ్ళాను. పోటీకి వచ్చిన కార్లని న్యాయనిర్ణేత చిన్న టార్చి వేసి ఒక్కొక్కటే చూస్తున్నాడు. మా కారు దగ్గర ఆగి పెదవి విరిచాడు. "పని శుభ్రంగా ఉంది. కానీ డ్రైవింగ్ స్కూలు బండి ఇంత కొత్తగా ఎక్కడైనా ఉంటుందా? సహజత్వం లేదు."

మామూలుగా అయితే భాస్కర్ పెద్దవాళ్ళు ఏమన్నా చేతులు కట్టుకుని చిత్తం అంటాడు. ఆ రోజు అనలేదు.

"ఆ టార్చి కొంచెం ఎడమ సీటు ముందుకి పట్టండి సార్. కింద బ్రేకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"దాని మీద దయామణి గారి కాలు ఉంటుందండి. ఆ బండికి సొట్ట పడదు."

ఆ గొంతు విని హాల్లో నలుగురు ఇటు తిరిగారు. న్యాయనిర్ణేత నవ్వి ముందుకి సాగిపోయాడు. ప్రైజు నిలువెల్లా తుప్పు పట్టిన ఒక లారీకి వచ్చింది. మంచి లారీ, అన్యాయం అనను. తిరుగు ప్రయాణంలో భాస్కర్ దిగులు పడతాడనుకున్నాను. ఎదుటి సీటువాళ్ళకి పెట్టె తెరిచి కారు చూపించి, దయామణి గారి సంగతంతా సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. వింటుంటే నాకు కూడా ఒళ్ళు పొంగింది.

తర్వాతి ఆదివారం భాస్కర్ మేడమీదికి ఉత్తచేతులతో వచ్చాడు.

"బండేదోయ్?" అన్నారు మేష్టారు.

"జగన్నాథపురంలో ఇచ్చేసి వచ్చానండి. అద్దాల పెట్టెలో పెట్టి ఇచ్చానా, ఆవిడ మూత తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ మూత పెడుతున్నారు."

"ప్రైజు?"

"రాలేదండి." వచ్చిందని చెప్పేవాడు కూడా అంత ఉషారుగా చెప్పడు.

మేష్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఎదురుగా బల్ల ఖాళీగానే ఉంది. అయినా అడిగారు.

"బండి ఎవరిదోయ్?"

"దయామణి గారిదండి" అన్నాడు భాస్కర్.

మేష్టారు మొదటిసారి మా ముందు హాయిగా నవ్వారు.

"అయితే గర్వపడవోయ్, ఎంత కావాలంటే అంత."