కాళిందిలో పడ్డ పళ్ళెం

భానోజీకి ఒళ్ళు మండిపోతోంది. తనతోపాటు చేరినవాళ్ళందరి చొక్కాల మీదా డాల్ఫిన్ బ్యాడ్జి ఉంది, తన జేబు మీద మాత్రం ఇంకా ఉత్త గుడ్డే. ఆ బ్యాడ్జి లేనివాణ్ణి సబ్‌మెరైన్ మనిషిగా ఎవరూ లెక్కెయ్యరు. ఈ వారం దాటితే పైన తిరిగే ఓడల్లో పడేస్తారు, ఇక జన్మలో నీళ్ళ కిందికి దిగేది లేదు.

ఇవ్వాల్సింది సన్యాసిరావు మాస్టారు. కాళింది అనే అణు సబ్‌మెరైన్‌లో ఆయన సోనార్ గురువు, అంటే నీళ్ళలో వచ్చే చప్పుళ్ళు వినడం నేర్పేవాడు. అంత లోతులో కళ్ళతో పనిలేదు, బోటుకి ఉన్నవన్నీ చెవులే. భానోజీ చెవులూ మామూలువి కావు మరి. ఎంత దూరాన పోతున్నా అది చేపల మరబోటో సరుకుల ఓడో చెప్పేస్తాడు. కాళింది చరిత్ర అడగండి, గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అయినా వెళ్ళినప్పుడల్లా మాస్టారిది ఒకటే మాట, ఇంకా కాదు నాయనా అని.

ఎందుకు కాదో చెప్పడాయన! ఆ రోజు పొద్దున్న భానోజీ ఇక ఉండబట్టలేకపోయాడు.

"నాలో ఏం తక్కువో అదైనా చెప్పండి మాస్టారూ. ఊరికే ఇలా తిప్పుకుంటే ఎలా?"

మాస్టారు నిట్టూర్చాడు. ఆయన విసుగూ తక్కువదేం కాదు. మొదట్లో చెప్పబోయాడు పాపం, చాలాసార్లు. మాట సగంలో ఉండగానే "నాకు తెలుసు మాస్టారూ" అనేవాడు వీడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని మానేశాడు.

కాళింది త్వరలో రిటైరవుతోంది. అంచేత ఆ రోజు నావికుల ఇళ్ళవాళ్ళని పిలిచి బోటు లోపల చూపిస్తున్నారు. మాస్టారు భానోజీని ఎగాదిగా చూసి, ఈ పూట నువ్వే తిప్పి చూపించు, నేను నీ వెనకాలే వస్తాను, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాడు. భానోజీకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

సబ్‌మెరైన్‌లో దారి ఒక మనిషి పట్టేంతే. ముందు భానోజీ, వెనక మాస్టారు, ఆయన వెనక ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ వరసగా నడిచారు. ఇక అందుకున్నాడు చూడండి! బోటు ముక్కు దగ్గర టార్పెడో గొట్టాలు చూపించి, శత్రువు ఓడని వెతికి వేటాడే బోటు ఇది అన్నాడు. అణు రియాక్టర్ ఉంది కనక ఊపిరి కోసం పైకి రానక్కర్లేదన్నాడు. పీల్చే గాలీ తాగే నీళ్ళూ సముద్రం నీళ్ళలోంచే తయారుచేసుకుంటుంది, తిండి ఉండాలే గానీ నెలల తరబడి కిందే ఉంటుంది. ఒక వేసవంతా అరేబియా సముద్రంలో ఒక్కసారి కూడా తేలలేదు. ఇంకోసారి పరాయి యుద్ధనౌక సరిగ్గా నెత్తిమీంచి పోయింది, కింద ఇదుందని దానికి తెలిస్తేగా!

వంటగది దాటుతుంటే ఊపు ఇంకా హెచ్చింది. ఇక్కడ చెంచా జారిపడినా ఆ చప్పుడు నీళ్ళలో మైళ్ళు పాకుతుంది, అందుకే మేం పిల్లుల్లా తిరుగుతాం అన్నాడు. కాళిందికి ఉన్న లోపం కూడా దాచలేదు. దాని చెవులు ముక్కు దగ్గర, ప్రొపెల్లర్ తోక దగ్గర. తన రొద తనకే అడ్డమొచ్చి, వెనక ఎవరొస్తున్నా వినపడదు. వేగం పెరిగేకొద్దీ చెవుడూ పెరుగుతుంది. అందుకని ఉండుండి నెమ్మదించి, పక్కకి తిరిగి, వెనక ఏముందో విని మరీ సాగాలి. ఇదంతా చెబుతూ భానోజీ పెద్ద పెద్ద అంగలేశాడు.

చివరికి ఇంజన్ గదికొచ్చి, గొంతు సవరించుకుని, ఇంక మీ సందేహాలు అడగొచ్చు అంటూ వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు. ఇనుప గొట్టాలు తప్ప నరమానవుడు లేడు.

వచ్చిన దారినే పరిగెత్తాడు. జనమంతా వంటగది దగ్గరే ఆగి ఉన్నారు. మాస్టారు బల్లమీద తీరిగ్గా కూర్చున్నాడు, ఆయన కాళ్ళ దగ్గర ఒక స్టీలు పళ్ళెం బోర్లాపడి ఉంది.

భానోజీకి కోపం తన్నుకొచ్చింది. ఇంతమంది ముందు పరువు తీశారు, ఒక్క కేకేస్తే ఆగేవాణ్ణి కదా అన్నాడు. మాస్టారు వంగి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది మూడుసార్లు పడింది నాయనా. ఈ తల్లి కూడా నిన్ను పిలిచింది."

మాస్టారి పక్కన నిలబడ్డామె నూకరత్నం, ఇంజన్ గదిలో పనిచేసిన ఈశ్వర్రావు భార్య. భర్త ఇప్పుడు వేరే బోటులో ఉన్నాడు, ఏ సముద్రంలోనో ఆమెకి తెలీదు. మొహమాటంగా కొంగు సర్దుకుంది.

"ఆయన సెలవు మీద ఇంటికొస్తే మంచం వాకిట్లో వేసుకుంటారు బాబూ. చినుకులు పడుతున్నా లోపలికి రారు. నామీద కోపమేమో అనుకునేదాన్ని. ఇందులో ఎక్కడ పడుకునేవారో ఒక్కసారి చూపిస్తావని పిలిచాను."

బోటులో గాలి ఎలా తయారవుతుందో చెప్పే పాఠం భానోజీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసుకున్నాడు. ఆమెని నావికులు పడుకునే చోటికి తీసుకెళ్ళి, ఒకదానిమీద ఒకటిగా ఉన్న మూడు అరల్లో మధ్యదాని తెర తొలగించాడు. నూకరత్నం చెయ్యి లోపలికి పెట్టింది. పడకకీ పై అరకీ మధ్య మూరెడు ఎడం. ఆ మూరెడూ మోచేత్తో కొలుచుకుంది.

"ఈసారి వచ్చేసరికి మంచం నేనే వాకిట్లో వేసి ఉంచుతాను" అంది.

భానోజీ నేలమీద కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చినప్పుడు ఆయన ఇంకా ఏం చేస్తారమ్మా అని మెల్లిగా అడిగాడు. ఆమె ఒక్కొక్కటీ చెప్పసాగింది. బ్యాడ్జి సంగతి అతనికి గుర్తే లేదు.

పళ్ళెం గూట్లో పెట్టి వస్తూ, అతని వెనక ఆగాడు మాస్టారు. లోగొంతుకతో అన్నాడు:

"రేపు చొక్కా ఇస్త్రీ చేయించుకుని రా."

భానోజీ విన్నాడు. కానీ ఆమె మాట పూర్తయ్యేదాకా తల తిప్పలేదు.