చీమల బారు, చీర కుచ్చిళ్లు

ఎవరైనా ప్రశ్న అడిగితే వాళ్ల చేతికి ఏదో ఒక పని అందించడం వరూధిని గారి అలవాటు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. గెడ్డపాలెం ప్రాథమిక పాఠశాలకు ఆవిడే పెద్ద టీచరు. ఆ ఏడాది ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన తాయారుకు నలభై మూడేళ్లు. ఉద్యోగం ఆలస్యంగా వచ్చింది. ఒక్కతే కూతురు ప్రణవి, కాకినాడలో నర్సింగు చదువుతోంది. నాలుగు రోజులుగా ఆ పిల్ల ఫోను ఎత్తడం లేదు. ఆఖరుసారి ఎత్తినప్పుడు, "రోజుకి పదిసార్లు చేస్తే నాకు ఊపిరాడటం లేదమ్మా" అని పెట్టేసింది. పిల్ల క్షేమంగానే ఉందని హాస్టలు వార్డెను చెప్పింది. తాయారుకు ఆ మాట చాలలేదు.

ఆ బడిలో శనివారం పుస్తకాల సంచుల బరువు ఉండదు. పిల్లలకు తలా ఒక చీటీ ఇచ్చి ఆవరణలోకి వదులుతారు. రెండు రంగులున్న ఆకు, గరుకుగా ఉండేది, చప్పుడు చేసేది, ఇలా చీటీలో ఏది ఉంటే అది వెతికి తేవాలి. కిందటి శనివారం ఆట తాయారు ఆడించింది. పావుగంటలో అందరూ అన్నీ తెచ్చేశారు. ఆమె పొంగిపోయింది.

"బాగానే వెతికారు, నీ మొహంలో" అన్నారు వరూధిని గారు.

నిజమే. తాయారు చూపు ఎటు పోతే పిల్లలు అటు పరిగెత్తారు. నేల చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ మాట వారమంతా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఈ శనివారం బడిలో అడుగు పెడుతూనే అడిగేసింది. "మరి ఎంత దూరంలో నిలబడాలి మేడమ్? మరీ దూరం జరిగితే పడతారు, దెబ్బలు తగిలించుకుంటారు. మనకి తెలియద్దూ?" అడుగుతున్నది బడిపిల్లల గురించేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

వరూధిని గారు వంటగదిలోంచి చేటెడు చింతపండు తెచ్చి ముందు పెట్టారు. "గోడకేసి తిరిగి కూర్చుని గింజలు తియ్యి."

గేటుకు తాళం వేశారు. చీటీలు పంచారు. తాయారు వీపు వెనక బడంతా ఒక్కసారి చెల్లాచెదురైంది. ఎవరో ధబ్బున పడ్డారు. ఆమె సగం లేచింది. అంతలోనే నవ్వులు. మళ్లీ కూర్చుంది. ఒళ్లో ఫోను చూసుకుంది. ఉన్నట్టుండి అరుపులు ఆగిపోయాయి. అరుపుల కంటే అదే భయంగా ఉంది. మెడ దానంతట అదే తిరగబోయింది.

"మెడ పట్టేసిందా తాయారూ?" అన్నారు వరూధిని గారు.

వంట చేసే సింహాలమ్మ తొంగి చూసి పకపకా నవ్వింది. "టీచరమ్మగోరు గింజలు చేటలో ఏసి, పండు అవతల పారేత్తన్నారు!"

గంట కొట్టారు. ఇరవై ముగ్గురిలో ఇరవై ఇద్దరే వచ్చారు. మూడో తరగతి మోక్షిత లేదు. తాయారు చేట తోసేసి, ఫోను పట్టుకుని పరిగెత్తింది. కుళాయి దగ్గర లేదు. మరుగుదొడ్ల దగ్గర లేదు. పిలిస్తే పలకలేదు.

వంటగది మూల తిరిగి, పెదాల మీద వేలుంచుకుని మోక్షిత వచ్చింది. చేతిలో చీటీ తప్ప ఏమీ లేదు. తాయారు దాని రెండు భుజాలూ పట్టేసుకుంది. "ఎక్కడికి పోయావే? గంట వినపడలేదా?"

"వినపడింది టీచర్. తనకంటే బరువైనది మోసేదాన్ని తెమ్మని ఉంది కదా. దొరికింది, కానీ తేకూడదు. పట్టుకుంటే ఆగిపోతాయి. మీరే రండి."

వంటగది వెనక, గోడ వారగా, చీమల బారు. ముందున్న చీమలు చచ్చిన మిడతను ఈడ్చుకుపోతున్నాయి. తాయారు పిల్లను ఒక చేత్తో పట్టుకునే, చూద్దామని గొంతుక్కూర్చుంది. మరుక్షణం బారు తెగిపోయింది. చీమలు మిడతను వదిలేసి గుడ్డిగా తిరగసాగాయి.

"టీచర్, మీ కుచ్చిళ్లు!" మోక్షిత ఆమె పట్టు విడిపించుకుని, చీర అంచు తానే పైకెత్తింది. "దారి మీద పడ్డాయి."

చాలాసేపు చీమలకు దారి దొరకలేదు. తాయారు కుచ్చిళ్లు పిడికిట్లో బిగించి, ఊపిరి బిగబట్టి చూసింది. రెండో చేతిలో ఫోను ఉంది, బొటనవేలు ప్రణవి పేరు మీద, నొక్కకుండా ఆగి ఉంది. ఒక చీమ తిరిగొచ్చి మిడత కాలు పట్టుకుంది. తర్వాత ఇంకొకటి.

వెనక వరూధిని గారు వచ్చి నిలబడ్డారని ఆమెకు తెలుసు. తల తిప్పకుండానే అడిగింది. "ఇంకొంచెం వెనక్కి జరగనా మేడమ్?"

"జరగక్కర్లేదు. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకో, చాలు."