గంటలో చెరిగిపోయే కబురు

ఆకివీడు దాటాక ఉప్పుటేరు పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీలో హైమావతి అని ఒకామె పనిచేస్తుండేది. చదువుకుంది, తెలివైంది, ధైర్యం కూడా ఉంది, కానీ ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగే ఓపిక మాత్రం లేదు.

ఆమె ఉద్యోగం ఆఫీసు గదిలో. వచ్చిన సరుకు బరువులు కంప్యూటర్లో ఎక్కించేది. లోపల షెడ్డులో ఆడవాళ్లు ఐసులో చేతులు పెట్టి, రొయ్యల తలలు తుంచి, పొట్టు ఒలిచేవారు. వాళ్లకు గ్లౌజులు ఇచ్చేవారు కాదు. లేక కాదు, స్టోరు గదిలో పెట్టెలకు పెట్టెలు ఉండేవి. ఆ రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఏడాదికోసారి ఒకావిడ తనిఖీకి వచ్చేది. ఆ రోజు ఉదయం పెట్టెలు తెరుచుకునేవి, సాయంత్రం మూసుకునేవి.

ఆ ఏడు మంగతాయారు చూపుడువేలికి రొయ్యతల ముల్లు గుచ్చుకుంది. వేలు వాచి చీము పట్టింది. అయినా గుడ్డ చుట్టుకుని పనిలోకి వచ్చేది. రాకపోతే కూలి లేదు.

“ఈసారి తనిఖీ ఆవిడకి నీ చెయ్యి చూపిద్దాం పిన్నీ. ఫ్యాక్టరీలో కాదు, బయట ఎక్కడైనా. ఆవిడతో నేను మాట్లాడతాను,” అంది హైమావతి.

“చూపిస్తే గ్లౌజులిస్తారంటావా?”

“ఇవ్వక చస్తారా? లేకపోతే వాళ్లు సరుకు కొనరు.”

మంగతాయారుతో పాటు ఇంకో నలుగురు సరేనన్నారు.

హైమావతి భయమంతా ఫోన్లతోనే. ఫ్యాక్టరీవాళ్లు అందరి ఫోన్లలోనూ హాజరు యాప్ వేయించారు. మెసేజీలు, నంబర్లు, ఎక్కడ తిరుగుతున్నదీ చూడటానికి అది అనుమతి అడిగింది. అందరూ సరే అని నొక్కేశారు. ఆమె భయం న్యాయమైనదే. అందుకని అయిదుగురి ఫోన్లూ భీమవరంలో తెలిసిన షాపుకి తీసుకెళ్లి, ఉన్న సిస్టమ్ మొత్తం తుడిపించి, ఎవరికీ సమాచారం చేరవేయని వేరే సిస్టమ్ వేయించింది. మెసేజీలకు కొత్త యాప్ పెట్టించింది. అందులో పంపిన కబురు గంటలో దానంతటదే చెరిగిపోతుంది. హాజరు గురించి అడిగితే ఫోన్లు పాడయ్యాయని చెప్పమంది.

“ఇదేంటే అమ్మాయ్, ఇది మాట్లాడట్లేదు?” అంది మంగతాయారు. ఆమెకు చదువు రాదు. పాత సిస్టమ్ ఉన్నప్పుడు కబురు మీద నొక్కితే ఫోనే తెలుగులో చదివి వినిపించేది.

“దీంట్లో అది లేదు పిన్నీ. కావాలంటే మళ్లీ ఆ పాత సిస్టమ్ కంపెనీ సరుకే వేయించుకోవాలి.”

“పోనీ నువ్వే మాట్లాడి పంపకూడదూ?”

“గొంతు వింటే ఎవరో తెలిసిపోతుంది.”

“ఫోను తెరుద్దామంటే నా వేలిముద్రా పడట్లేదు. ఐసులో నాని నాని గీతలు అరిగిపోయి...”

“తాళం నంబరు పెట్టించాను. బట్టీ పట్టు.”

“అది కాదే, లోపలికెళ్లేటప్పుడు ఫోన్లు ఫ్యాక్టరీ వ్యానులో వదిలేసి వెళ్తాం కదా, నువ్వు పంపింది గంటలో పోతే మాకు...”

“పిన్నీ! ఎంతెంత పెద్దవాళ్లో వాడుతున్నారు దీన్ని. నీ ఒక్కదానికే కష్టమొచ్చిందా?”

హైమావతి ఫోను రోజంతా ఆమె బల్ల మీదే ఉండేది.

“మహారాణిగారి ఆజ్ఞ అయిందిగా, పదండి,” అంది ఆ నలుగురిలో ఒకతె అయిన వరహాలు. ఆడవాళ్లు నవ్వారు. హైమావతికి నవ్వు రాలేదు.

తర్వాత పంపిన కబుర్లు ఒక్కటీ వాళ్లకు చేరలేదు. పని ముగించి వచ్చేసరికి తెర ఖాళీగా ఉండేది. వరహాలు వెళ్లి ఆ మాట చెప్పబోయింది. “మళ్లీ అదే పాటా?” అని హైమావతి కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

దాంతో మంగతాయారు తన దారి తాను చూసుకుంది. వ్యాను డ్రైవరు గంగరాజు పగలంతా ఫ్యాక్టరీ బయటే ఉండేవాడు. మర్యాదస్తుడు, చదువు వచ్చినవాడు. అతనికి ఫోను ఇచ్చి, తాళం నంబరు కూడా చెప్పింది.

“బాబూ, మా అమ్మాయి ఏదో పంపుతూ ఉంటుంది. చూసి పెట్టి, మేం బయటికొచ్చాక చెబుదూ.”

“ఆయ్, దానికేం భాగ్యమండి. నా నోట్లోంచి మాట బయటికి రాదండి.”

అయిదుగురి ఫోన్లూ ఒకేసారి ఎలా పాడయ్యాయో కనుక్కోమని మేనేజరు అప్పటికే గంగరాజుకి చెప్పి ఉంచాడు.

తనిఖీకి ముందురోజు హైమావతి రాసింది: “రేపు సాయంత్రం పని అయ్యాక చర్చి ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్‌కి రండి. ఆవిడ వస్తానంది. పిన్ని చెయ్యి చూపిద్దాం.” గంగరాజు అది చదివి ముందు మేనేజరు గదికి వెళ్లాడు. తర్వాత మంగతాయారుకి ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు.

మర్నాడు గ్లౌజులు వచ్చాయి. తనిఖీ ఆవిడ షెడ్డంతా తిరిగి చూసింది. సాయంత్రం గంగరాజు వ్యాను తలుపు తీసి, “హోటలు దాకా నడుస్తారేంటండి, ఎక్కండి,” అన్నాడు. అయిదుగురూ ఎక్కారు. వ్యాను ఊరి వైపు కాకుండా చెరువుగట్ల మీదుగా పోయి, నరమానవుడు లేనిచోట ఆగింది.

“ఇంజను పట్టేసిందండి,” అన్నాడు గంగరాజు.

మంగతాయారు హైమావతికి ఫోను చేసింది. హైమావతి హోటల్లో ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది. ఫోన్లో మాట్లాడకూడదన్నది తను పెట్టిన నియమమే. కట్ చేసి, వెంటనే ఏదో రాసి పంపింది.

ఆ అయిదుగురిలో ఎవరికీ చదవడం రాదు. మంగతాయారు ఫోను గంగరాజుకే ఇచ్చింది.

“ఫోన్ చేయొద్దు, రాసి పంపండి అంటున్నారండి హైమావతిగారు,” అని చదివాడు గంగరాజు. “ఏం రాయమంటారండి?”

అప్పుడు అర్థమైంది వాళ్లకు, ఇంజనుకేమీ కాలేదని.

హోటల్లో తనిఖీ ఆవిడ గడియారం చూసుకుంది. “మీ చేతులు బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలినవాళ్లు వస్తే వినేదాన్ని. లోపల నేను చూసినప్పుడు అందరికీ గ్లౌజులున్నాయి,” అని చెప్పి రైలుకి వెళ్లిపోయింది.

గ్లౌజుల పెట్టెలు స్టోరు గదిలోకి తిరిగి వెళ్లాయి. మంగతాయారు మళ్లీ ఐసులో చెయ్యి పెట్టింది. నెల తిరక్కుండానే ఆస్పత్రిలో ఆ వేలు తీసేశారు. “నాలుగు వేళ్లతో ఏం ఒలుస్తావమ్మా?” అని మేనేజరు ఆమెను మానిపించాడు. మిగిలిన నలుగురినీ మానిపించాడు. హైమావతిని మాత్రం ఉంచాడు.

“మీరు ఉండాలండీ. మీ వల్ల మాకు చాలా మేలు జరిగింది,” అని నవ్వాడు.

హైమావతి మంగతాయారు ఇంటికి వెళ్లింది. “వాడి చేతికి ఎందుకిచ్చావు పిన్నీ? ఇబ్బందిగా ఉందని నాకు ఒక్కమాట చెప్పొచ్చు కదా!”

మంగతాయారు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆమె వైపు చూసింది.

“చెప్పలేదూ?” అంది.

హైమావతి బయటికి వచ్చేసింది.

ఎంత గట్టి తాళమైనా ఇంట్లోవాళ్లు తీసుకోలేనిదైతే వాళ్లు దాన్ని దొంగ చేతనే తీయించుకుంటారు. కాబట్టి తాళం వేసేవాళ్లు ముందు ఇంట్లోవాళ్ల మాట చివరిదాకా వినాలి.