హారతి చూడని యజమాని

దానయ్యగారి కొత్త బోటుకి జీపీఎస్ వచ్చింది. యాంటెన్నా కేబిన్ కప్పు మీద బిగిద్దామన్నాడు బోటు నడిపే సరంగు ఎల్లాజీ.

"బోటు అందం చెడిపోద్ది. కేబిన్‌లో పెట్టిన జీపీఎస్ పెట్టెలోపల ఒకటుందిగా, చాలు," అన్నాడు యజమాని.

"ఇనప కప్పు కింద దానికి ఆకాశం అందదండీ. మంచు పట్టిన రోజు దారి తప్పిపోతాం."

దానయ్య వినలేదు.

బోటు నీళ్లలోకి దించేరోజు ఎల్లాజీ ఆయన్ని, ఎండ తగలకూడదంటూ కేబిన్‌లో కూర్చోబెట్టి తలుపూ కిటికీలూ మూసేశాడు. బయట గంగమ్మకి హారతి వెలిగించారు.

"కళ్లకద్దుకోండయ్యా!" బయట్నించి కేకేశాడు ఎల్లాజీ.

"అన్నీ మూసేస్తే హారతి నాకెలా కనపడుద్దిరా?" లోపల్నించి అరిచాడు దానయ్య.

"ఆ పెట్టెకి ఆకాశం కనపడగా లేంది, మీకు హారతి కనపడదాండీ?"

లోపల్నించి తలుపు దబదబా బాదాడు దానయ్య.

"హారతి ఆరనీకండ్రా! ముందు యాంటెన్నాని కప్పెక్కించండి. అదీ హారతి చూడాలి!"